24 ఏళ్లకే నడుం పట్టేసింది, మూడు వారాలైనా పోతలేదు. ఎమ్మారై తీయించాల్నా?

నయీంనగర్_రూమ్ అడిగిన ప్రశ్న:

హన్మకొండ నయీంనగర్‌ల రూమ్ తీసుకొని గ్రూప్స్‌కు చదువుతున్న. వయసు 24, బరువు 71 కిలోలు. ఇంతకుముందు నడుం నొప్పి అన్నదే తెల్వదు. మూడు వారాల కింద 20 లీటర్ల నీళ్ల క్యాను లేపి స్టాండు మీద బోర్లిస్తుంటే కుడి పక్క నడుం కలుక్కుమన్నది. ఆ రోజు పెద్దగ ఏం కాలే. తెల్లారి మంచం మీదికెల్లి లేవరాలే.

ఇప్పుడు నడుం కింద కుడి దిక్కు నొప్పి, అక్కడి నుంచి పిర్ర మీదుగ తొడ వెనక దాక గుంజుతది. ఒక్కోసారి పిక్క దాక దిగుతది. పొద్దున లేవంగనే ఎక్కువ, పది నిమిషాలు అటిటు తిరిగితే సగం తగ్గుతది. కింద సక్లం ముక్లం పెట్టుకొని గంట కూసుంటే లేచేటప్పుడు నడుం సాఫ్ కాదు, వంగే నడవాలె. తుమ్మితే సుర్రుమంటది. నడిచినప్పుడు మాత్రం మంచిగనే ఉంటది. జ్వరం లేదు, మూత్రం మామూలే, కాళ్లల్ల బలం తగ్గినట్టు లేదు.

ఊర్ల ఆర్ఎంపీ మూడు రోజులు సూదులు ఇచ్చిండు, ఆ మూడు రోజులే తగ్గింది. ఎమ్మారై తీయించమని దోస్తులు అంటున్నరు, అడిగితే ఆరు వేల దాక అయితదన్నరు. మా అమ్మేమో ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లతో నడుం మీద తన్నించుకోమంటది.

అడిగేది ఏందంటే, ఎమ్మారై ఇప్పుడే తీయించాల్నా? పండుకొని రెస్టు తీసుకోవాల్నా, తిరగాల్నా? కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ఉరుకుడు కూడ మొదలుపెట్టిన, అది ఆపాల్నా? రోజుకు పది గంటలు చదివేటోనికి కూసునుడు తప్పదు కదా, ఎట్ల కూసోవాలె?

కాజీపేట_ఫిజియో:

తమ్ముడూ, ఆరు వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు, దాని ఒత్తిడికి కాలి నరం చిరాకుపడ్డ రకం లాగ ఉంది. కూర్చుంటే, వంగితే, తుమ్మితే పెరగడం, నడిస్తే తగ్గడం దాని లక్షణమే. ఇది ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే దిగిపోతుంది. ఇప్పుడు స్కాన్ తీస్తే రిపోర్టులో ఏదో ఒకటి రాసే ఉంటుంది. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క తీశారు. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. అంటే ఆ మాట నీ రిపోర్టులో ఉన్నా నీ నొప్పికి అదే కారణమని చెప్పలేం, చేయాల్సిన పనీ మారదు. ఆరు వారాలు పద్ధతిగా చేసినా కాలి నొప్పి తగ్గకపోతే అప్పుడు తీయించు.

అయితే కొన్నిటికి ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగొద్దు. మలద్వారం, మర్మాంగాల చుట్టూ, సైకిల్ సీటు ఆనే చోటంతా మొద్దుబారడం. మూత్రం నిండినా రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. నొప్పి రెండు కాళ్లలోకీ దిగి బలం తగ్గడం. డిస్కు పెద్దగా జారి కిందికి పోయే నరాల కట్టనంతా నొక్కితే ఇట్లా అవుతుంది. వెంటనే 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి. రేపు ఓపీలో చూపిద్దామని రాత్రంతా ఆగితే మూత్రం మీద పట్టు ఇక తిరిగి రాకపోవచ్చు. కిందపడ్డ దెబ్బ, రోజూ సాయంత్రం జ్వరం, తిన్నా బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండడం, వీటిలో ఏది ఉన్నా కూడా ఇంట్లో వైద్యం పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించాలి. వెన్నెముక టీబీ మన దగ్గర అరుదేం కాదు, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మేకలు, గొర్రెలు కాసే ఇళ్లలో, పచ్చిపాలు తాగేవాళ్లలో జ్వరంతో పాటు నడుం నొప్పి ఉంటే బ్రూసెల్లా (పశువుల నుంచి మనిషికి సోకే సూక్ష్మజీవి) పరీక్ష గురించి కూడా అడగండి, అది చాలాసార్లు ఎవరికీ గుర్తురాదు.

కాలి బలం నీకు నువ్వే చూసుకోవచ్చు. చెప్పుల్లేకుండా మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు వేయి. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ పదిసార్లు లేపు. ఎడమ కాలు పదిసార్లు లేస్తూ కుడి కాలు నాలుగుకే ఆగిపోయినా, నడుస్తుంటే పాదం ముందుభాగం లేవక చెప్పు నేలకు గీసుకుంటున్నా ఒకటి రెండు రోజుల్లో ఆర్థో డాక్టర్‌కు గానీ న్యూరో సర్జన్‌కు గానీ చూపించాలి. నొప్పి వల్ల లేవకపోవడం వేరు, ప్రయత్నించినా లేవకపోవడం వేరు. మూడు రోజులకోసారి ఈ పరీక్ష చేసుకో.

ఇప్పుడు అసలు పని. నేల మీద చాప వేసి బోర్లా పడుకో, చేతులు పక్కకు, రెండు నిమిషాలు ఊరికే ఉండు. నొప్పి పెరగకపోతే మోచేతుల మీద లేచి ఇంకో రెండు నిమిషాలు. తర్వాత అరచేతులు భుజాల పక్కన ఆనించి చేతుల బలంతోనే ఛాతీని పైకి నెట్టు. పిర్రలు బిగించొద్దు, తుంటి నేలకే ఉండాలి, నడుం వదులుగా వేలాడాలి. ఒక సెకను ఆగి దిగు. ఇట్లా పదిసార్లు. మొదటి నాలుగు సగం దాకే లేస్తావు, పదోసారికి ఇంకొంచెం పైకి పోతావు. అందరూ చేసే తప్పు ఏంటంటే, నడుం కండరాలతో పాములాగ లేచి, అవి పట్టేశాక ఈ వ్యాయామం పడలేదంటారు.

చేసేటప్పుడు నొప్పి ఎటు పోతుందో చూడు. పిక్కలో ఉన్నది తొడకు, తొడలోది పిర్రకు, అక్కడి నుంచి నడుం మధ్యకు జరుగుతుంటే నడుంలో కొంచెం పెరిగినట్టు ఉన్నా అది మంచి గుర్తు. రెండు మూడు గంటలకోసారి పదేసి చేయి. అదే నొప్పి కిందికి దిగుతుంటే, తిమ్మిరి పాదం దాకా పాకుతుంటే ఆపేసి, బోర్లా పడుకోవడం వరకే ఉంచుకో. రెండు రోజుల తర్వాత మళ్లీ చూడు, అప్పటికీ అంతే ఉంటే ఫిజియోకు చూపించాల్సిందే.

ఒక్క మినహాయింపు. ఫాస్ట్ బౌలింగ్, జిమ్నాస్టిక్స్ లాంటివి ఆడే కుర్రవాళ్లలో వెన్నుపూస వెనక భాగంలో సన్నని చీలిక వస్తుంది. వాళ్లకు వెనక్కి వంగినప్పుడే, అందులోనూ ఒంటికాలి మీద నిలబడి వంగినప్పుడు, నొప్పి లేస్తుంది. వాళ్లకు పైన చెప్పిన నెట్టుడు పనికిరాదు. ఆట ఆపి పరీక్ష చేయించుకోవాలి.

రెస్టు సంగతి. లేవలేని నొప్పి ఉంటే ఒకటి రెండు రోజులు, అంతే. మూడో రోజు నుంచి పడకే నొప్పిని పెంచుతుంది. పూటకు పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు నడవడం మొదలుపెట్టు. వడ్డేపల్లి చెరువు కట్ట గానీ సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు గానీ బాగుంటుంది, చదునుగా ఉండాలి. రెండు మూడు రోజులకోసారి ఐదు నిమిషాలు పెంచుకుంటూ, ఆగకుండా 30 నిమిషాలు, వారానికి ఐదు రోజుల దాకా పో. నడుం నొప్పి తగ్గినవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధన 2024లో అచ్చయింది. ఇట్లా నడిచినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులే. పైసా ఖర్చు లేని మందు ఇంతకంటే ఏముంది.

పొద్దున లేచిన మొదటి గంట ముందుకు వంగొద్దు. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. మంచం మీది నుంచి లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజం, తుంటి ఒకేసారి పక్కకు తిప్పు. కాళ్లు కిందికి జార్చుతూ మోచేతితో నెట్టుకుని లే. తుమ్ము వచ్చేటట్టుంటే లేచి నిలబడి, గోడకు చెయ్యి ఆనించి, పొట్ట కొంచెం బిగించు.

కాలు గుంజుతుందని తొడ వెనక సాగదీయొద్దు. అక్కడ గుంజేది కండరం కాదు, నరం. సాగదీస్తే సాయంత్రానికి ఇంకా మండుతుంది. సిట్-అప్స్, కాలివేళ్లు అందుకోవడం, పశ్చిమోత్తానాసనం కూడా ఇప్పుడు వద్దు.

తన్నించుకోవడం గురించి అమ్మతో గొడవ పెట్టుకోకు, ఉప్పు మూట కాపడం పెట్టమను, ఆమెకూ తృప్తి, నీకూ మేలు. తన్ను మాత్రం వద్దు.

నయీంనగర్_రూమ్:

చాలా థాంక్స్ అన్న. మడమల మీద, మునివేళ్ల మీద నడక రెండు కాళ్లూ సమానంగనే ఉన్నయి. బోర్లా పండుకొని నెడితే ఏడెనిమిది సార్లకు పిక్కల గుంజుడు పోయింది, పిర్ర కాడ మాత్రం ఉంది. ఇంక మూడు సంగతులు. నడుం బెల్టు కొనాల్నా? గోలీలు ఏవి, ఎన్ని రోజులు? రూమ్‌ల ఇనుప మంచం నడుమల గుంత పడ్డది, కింద పండుకుంటే మంచిదా?

హంటర్‌రోడ్_ఫార్మసిస్ట్:

గోలీల సంగతి నేను చెప్తా. మొదలుపెట్టే ముందు ఒక డాక్టర్ ఓకే అనాలె. సూదులతోని మూడు రోజులే తగ్గుడు వింతేం కాదు. నొప్పి సూది పనిచేసేది కొన్ని గంటలే, నోట్లె వేసుకునే గోలీ కూడ అదే పని చేస్తది. కొన్ని చోట్ల సూదిల స్టెరాయిడ్ కలిపి ఇస్తరు. ఈసారి ఎవరు సూది ఇచ్చినా సీసా మీద పేరు ఫొటో తీసుకో. పిర్ర మీద తప్పు జాగల పొడిస్తే కాలి నరానికే దెబ్బ తగులుతది, నడుం నొప్పికి పోయి పాదం పడిపోయినోళ్లు ఉంటరు.

పారాసిటమాల్ ఒక్కటే వేసుకుంటే కొత్త నడుం నొప్పి త్వరగ తగ్గదని 2014ల అచ్చయిన పెద్ద పరిశోధనల తేలింది. మామూలుగ వాడేది ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, తిన్న తర్వాత, రోజుకు మూడుసార్లు, ఐదు నుంచి ఏడు రోజులు. లేదంటే ఎసిక్లోఫెనాక్ 100, పొద్దున సాయంత్రం. రెండింట్ల ఒకటే. ఇక్కడే గోల్‌మాల్ అయితది. ఒక షాపుల ఎసిక్లోఫెనాక్ ఉన్న గోలీ తీసుకుంటరు, తగ్గకపోతే ఇంకో షాపుల డైక్లోఫెనాక్ తీసుకుంటరు, పేర్లు వేరు కాబట్టి రెండూ మింగుతరు. జాతి ఒక్కటే కాబట్టి నొప్పి రెండింతలు తగ్గదు, కడుపుల పుండు, కిడ్నీ మీద దెబ్బ మాత్రం రెండింతలు. కంపెనీ పేరు వదిలిపెట్టి స్ట్రిప్పు వెనక ఉన్న మందు పేరు చదువు. కడుపుల మంట ఉంటే పాంటోప్రజోల్ 40, పొద్దున తినే ముందు అరగంట. అల్సరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, రక్తం పల్చబడే మందులు ఉన్నోళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండ ఈ జాతి గోలీలు ముట్టొద్దు.

కండరాలు వదులయ్యే మందు కలిపిన గోలీలు అడుగుతరు. క్లోర్జాక్సజోన్ ఉన్నది వేసుకుంటే నిద్ర తూగుతది, బండి నడపొద్దు, చదువు కూడ సాగదు. థయోకొల్చికోసైడ్ ఉన్నది ఏడు రోజులు దాటొద్దు. నరాల గోలీ అని ప్రీగాబలిన్ నెలలకు నెలలు మింగేటోళ్లు ఉన్నరు. కాలి నరం గుంజుడుకు అది మందు లేని ఉత్త గోలీ కంటే ఎక్కువ పనిచేయలేదని 2017ల వచ్చిన పరిశోధన చెప్పింది, తల తిరుగుడు మాత్రం ఎక్కువైంది. ఇప్పటికే వాడుతున్నోళ్లు ఒక్కసారి బంద్ పెట్టొద్దు, డాక్టర్‌ను అడిగి తగ్గించుకుంట రావాలె.

వానకాలం జ్వరంతోని నడుం నొప్పి వస్తే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. అది డెంగీ అయితే రక్తం కారే ప్రమాదం పెరుగుతది. రక్త పరీక్ష అయ్యేదాక పారాసిటమాల్ ఒక్కటే.

విటమిన్ డి 60,000 యూనిట్ల గోలీ వారానికి ఒకటి, మామూలుగ ఎనిమిది వారాలు. దాన్ని రోజుకొకటి మింగి రక్తంల కాల్షియం పెరిగి వాంతులతోని ఆసుపత్రిల పడేటోళ్లు ఉన్నరు. ఒళ్లంతా నొప్పులుంటే పరీక్ష చేయించుకొని వాడొచ్చు. క్యాను లేపితే కలుక్కుమన్న నడుం మాత్రం దీంతోని తగ్గదు.

కాపడం మంచిదే. వేడినీళ్ల బ్యాగు తువ్వాలల చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. కరెంటు ప్యాడు పెట్టుకొని నిద్రపోవద్దు, చర్మం కాలుతది.

మడికొండ_ఐటీ:

కూర్చునే సంగతి నాకు వదిలేయండి. తమ్ముడు రాసింది చూస్తే క్యాను ఒక సాకే. రోజుకు పది గంటలు నేల మీద వంగి చదవడం నడుమును ముందే అలసగొట్టి ఉంటుంది.

సక్లం ముక్లం వేసి చదును నేల మీద కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి, తుంటి వెనక్కి వాలి నడుం గూనిగా వంగుతుంది. నేల మీదే కూర్చోవాలంటే పిర్రల కింద 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పీట గానీ గట్టిగా మడిచిన దుప్పటి గానీ వేసుకో, మోకాళ్లు తుంటి కంటే కిందికి రావాలి. పుస్తకం ఒళ్లో వద్దు, వ్యాసపీఠం మీద పెట్టి దాన్ని ఇంకో పీట మీద పెట్టు. అయినా ఈ నెల రోజులు కుర్చీయే మేలు.

రూముల్లో ఉండే ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలి ఉంటుంది. సీటు వెనక సగంలో దుప్పటి మడిచి వేస్తే చదునవుతుంది. తువ్వాల చుట్టి, 8 నుంచి 10 సెంటీమీటర్ల మందం, ప్యాంటు బెల్టు ఉండే ఎత్తులో వీపు వెనక పెట్టు. ఇంకా పైన పెడితే ఛాతీ ముందుకొస్తుంది, పని జరగదు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. వెనక జేబులో పర్సు తీసేయ్. ల్యాప్‌టాప్‌లో క్లాసులు వింటే తెర పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేటట్టు పుస్తకాలు పేర్చి పెట్టు, టైపు చేసే పనుంటే విడిగా ఒక కీబోర్డు తీసుకో.

కానీ ఎంత మంచి కుర్చీ అయినా రెండు గంటలు కదలకుండా కూర్చుంటే నొప్పే. 25 నిమిషాలు కూర్చో, లేచి రెండు చేతులు నడుం మీద పెట్టి ఐదుసార్లు మెల్లగా వెనక్కి వంగు, నీళ్లు తాగిరా. తర్వాతి 25 నిమిషాలు అల్మారా అర మీదో కిటికీ గట్టు మీదో పుస్తకం పెట్టి నిలబడి చదువు, ఎత్తు మోచేతి దగ్గర ఉండాలి. మధ్యలో ఓ పది నిమిషాలు బోర్లా పడుకుని మోచేతుల మీద చదువు, ఫిజియో అన్న చెప్పిన వ్యాయామం కూడా అందులోనే అయిపోతుంది. గ్రూప్స్ పేపరు 150 నిమిషాలు, హాల్లో లేవనీయరు కాబట్టి మాక్ టెస్టుల్లో ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ప్రతి 20 నిమిషాలకు పెన్ను పక్కన పెట్టి, వీపు కుర్చీకి ఆనించి భుజాలు వెనక్కి నాలుగైదుసార్లు.

క్యాను లేపడం మానెయ్. 20 లీటర్లంటే నీళ్లే 20 కిలోలు. పైగా బోర్లించేటప్పుడు దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని తిప్పుతాం, నడుముకు అంతకంటే చెడ్డ పని లేదు. మూతి మీద పెట్టే చార్జింగ్ పంపు దొరుకుతుంది, క్యాను నేల మీదే ఉంటుంది. తెచ్చినబ్బాయినే లోపల పెట్టి పొమ్మను.

గుంత పడ్డ ఇనుప మంచానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు కొలత ప్రకారం కోయించి వేసి, దాని మీద దూది పరుపు వేయి. గట్టి నేలే మంచిదని అంటారు గానీ మరీ గట్టి పరుపు కంటే నడిమి రకం మేలని 2003లోనే పరీక్షించి చూశారు. పైగా కింద పడుకుంటే లేచేటప్పుడు నడుం రెండింతలు వంగాలి. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు.

బాత్రూంలో బకెట్ స్టూలు మీద పెట్టు, చెంబు కోసం వంగే పనుండదు. కింద కూర్చునే లెట్రిన్ అయితే మెడికల్ షాపుల్లో దొరికే ప్లాస్టిక్ కమోడ్ స్టూలు ఓ నెల వాడు. మలబద్ధకం ఉంటే ముందు అది చూసుకో, ముక్కితే కాల్లోకి కొడుతుంది.

బండి: మొదటి రెండు వారాలు అరగంట దాటి నడపకు. టైర్లో గాలి ఎక్కువ కొట్టిస్తే ప్రతి గుంత నడుముకే తగులుతుంది, బండి మీద స్టిక్కర్‌లో రాసినంతే కొట్టించు. వెనక షాకబ్జార్లు చాలా బండ్లలో ఐదు మెట్లలో తిప్పొచ్చు. ఒక్కడివే పోతే మెత్తటి మెట్టులో పెట్టించు, రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. పుస్తకాల బ్యాగు వీపు మీద వద్దు, వెనక సీటుకు కట్టు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫుట్‌రెస్టుల మీద కొంచెం లే.

కరీంనగర్_అక్క:

ఈ తమ్మునికి వర్తించదు గానీ, ఇది చదివే మిగతా 20, 30 ఏళ్ల వాళ్ల కోసం రాస్తున్న. కుర్రవాళ్లలో ఇంకో రకం నడుం నొప్పి ఉంది, దాన్ని గ్యాస్ అనీ, వేడి చేసిందనీ, డిస్కు అనీ ఏళ్ల తరబడి దాటేస్తారు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముకకు, తుంటికి కలిసే కీళ్లలో వాపు.

ఇది ఏ బరువూ లేపకుండా 40 ఏళ్ల లోపే మెల్లగా మొదలవుతుంది. మూడు నెలలు దాటినా పోదు. పొద్దున బిగుతు పది నిమిషాల్లో పోదు, అరగంట పైనే ఉంటుంది. రాత్రి రెండు మూడు గంటలకు నొప్పితో మెలకువ వస్తుంది, లేచి తిరిగితే తగ్గుతుంది. పడుకుంటే, ఆదివారం రెస్టు తీసుకుంటే పెరుగుతుంది. పిర్రల నొప్పి ఒక వారం కుడి, ఒక వారం ఎడమ. నొప్పి గోలీ వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో ఆశ్చర్యంగా తగ్గుతుంది. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, మడమ వెనక నొప్పి, సోరియాసిస్, ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి నడుం ఉండడం, ఇవి తోడైతే అనుమానం గట్టిపడుతుంది.

వీళ్లు ఆర్థో దగ్గరే ఆగకుండా రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టర్‌ను కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఎక్స్‌రే మొదటి కొన్నేళ్లు మామూలుగానే వస్తుంది కాబట్టి దాన్ని చూసి ఏం లేదని తేల్చొద్దు. ఎమ్మారై తీస్తే నడుముకు కాదు, పైన చెప్పిన వెన్నెముక, తుంటి కలిసే కీళ్లకు (సాక్రోఇలియక్ కీళ్లు) తీయాలి. నడుము ఎమ్మారై మాత్రమే తీయించి అంతా బాగుందనుకుంటే ఇంకో రెండేళ్లు పోతాయి. ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు కోసం చేసే హెచ్‌ఎల్‌ఏ-బీ27 రక్త పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు, జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు, అది ఒక్కటే చూసి నిర్ణయించరు. తొందరగా మందులు మొదలుపెడితే వెన్ను బిగుసుకుపోకుండా చాలావరకు ఆపొచ్చు.

ఇంకోటి. ఎండాకాలంలో పక్కటెముకల కింద ఒక పక్కనే అలలు అలలుగా లేచి గజ్జల్లోకి దిగే నొప్పి, ఎట్లా కూర్చున్నా పడుకున్నా ఆగకపోవడం, మూత్రంలో మంట లేదా రక్తం, ఇవుంటే అది కిడ్నీలో రాయి అయి ఉండొచ్చు, నడుం వ్యాయామాలతో టైమ్ దండగ చేయొద్దు.

పరకాల_పత్తి:

అన్నలూ, పత్తికి మందు కొట్టే ట్యాంకు మోసినంక నాకూ ఇట్లనే పట్టేస్తుంది, కాలిల్లకు మాత్రం దిగలే. పని బంద్ పెట్టుడు నడవదు. బెల్టు పెట్టుకొని కొట్టొచ్చా?

కాజీపేట_ఫిజియో:

బెల్టు మాట ఇద్దరికీ కలిపి చెప్తా. బరువు పని చేసే గంట రెండు గంటలు, బస్సు ప్రయాణం, అంత వరకే పెట్టుకోండి, అది కూడా రెండు మూడు వారాలే. పొద్దంతా పెట్టుకుంటే నొప్పి పోదు, బెల్టు లేకుండా లేవాలంటే భయం మాత్రం పట్టుకుంటుంది. తమ్ముడికైతే కొనాల్సిన పని లేదు.

16 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 16 కిలోలు, ట్యాంకు కలిపితే 20 దాటుతుంది. సగమే నింపు, రెండు సార్లు ఎక్కువ తిరగాల్సి వచ్చినా సరే. నేల మీద పెట్టి వంగి ఎత్తుకోవద్దు. ట్రాలీ అంచు మీదో డ్రమ్ము మీదో నడుం ఎత్తులో పెట్టి, వెనక్కి నిలబడి రెండు పట్టీలు వేసుకుని లే. పట్టీలు వదులుగా ఉంటే ట్యాంకు పిర్రల మీదికి జారి నువ్వు ముందుకు వంగి నడుస్తావు, బిగించి వీపు పైభాగానికి ఆనించుకో. ఒక్క భుజానికి వేసుకుని దించే అలవాటు మానుకో, నడుం మెలితిరిగేది అప్పుడే. ప్రతి ట్యాంకు తర్వాత ఐదుసార్లు వెనక్కి వంగు. పత్తి ఏరేటప్పుడు కూడా ఒడి నిండే దాకా ఆగకుండా మూడు నాలుగు కిలోలకే ఖాళీ చేసుకో.

నయీంనగర్ తమ్ముడికి మిగిలిన జవాబు. పిక్కలో నొప్పి పైకి జరిగింది కాబట్టి అదే వ్యాయామం వారం పది రోజులు కొనసాగించు. కాలి నొప్పి పూర్తిగా పోయాక బలం పెంచేవి మొదలుపెట్టు. అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి ఉండి, ఎదురెదురు చెయ్యి కాలు (కుడి చెయ్యి, ఎడమ కాలు) చాచి పది సెకన్లు, ఒక్కో వైపు ఆరుసార్లు, తర్వాత నాలుగు, తర్వాత రెండు. నడుం మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకనంత స్థిరంగా ఉండాలి. కాలు తుంటి ఎత్తు దాటి లేపితే నడుం వంగుతుంది, లేపొద్దు. పక్కకు పడుకుని మోచేయి, మోకాలు ఆనించి తుంటి లేపడం కూడా ఇదే లెక్క.

ఉరుకుడు ఇప్పుడు ఆపు. 30 నిమిషాలు గట్టిగా నడిచినా కాలిలోకి దిగనప్పుడు, తెల్లారి బిగుతు పెరగనప్పుడు మళ్లీ మొదలుపెట్టు. ఒక నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు, మట్టి గ్రౌండు మీద. మూడు సార్లు ఇబ్బంది లేకుండా అయితే ఉరుకు రెండు నిమిషాలు చేయి. 1600 మీటర్లు ఆగకుండా ఉరికే దాకా లాంగ్ జంప్, షాట్‌పుట్ ముట్టుకోకు. షాట్‌పుట్‌లో బరువు పట్టుకుని నడుం తిప్పాలి కాబట్టి అది అన్నిటికంటే చివర.